పరీక్షలకు వస్తే చాలంటున్నారు, లా చేరనా?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. అవి తీసేసి, మిగతా విషయం క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు 37 ఏళ్లు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు, సర్వీసు పన్నెండేళ్లు. ఇంటర్ పాసైన ఏడాదే పెళ్లయింది. తర్వాత అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ. చేసి 47 శాతం మార్కులతో పాసయ్యారు. భర్తకు సెల్‌ఫోన్ల షాపు ఉంది. కూతురు ఎనిమిదో తరగతి. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. మోకాళ్ల నొప్పులున్నా వంటపని చాలావరకు ఆవిడే చూసుకుంటారు.

తండ్రి 2009లో పోయారు. తాతల నాటి రెండున్నర ఎకరాలు బాబాయి చేతిలోనే ఉండిపోయాయి. 2012లో తల్లి భాగం దావా (ఆస్తి పంచి ఇమ్మనే కేసు) వేశారు. అది ఇంకా నడుస్తోంది. ఉత్తరంలో ఒక ముక్క ఆమె మాటల్లోనే చదవండి:

"మొదట్లో అమ్మకు తోడుగా కోర్టుకెళ్లేదాన్ని. పేరు పిలిచేదాకా వరండాలో కూర్చోవడం, వాయిదా ఎప్పుడో తెలుసుకుని బస్సెక్కడం, అంతే. ఒకసారి గుమస్తాను అడిగి బాబాయి మా దావాకు జవాబుగా వేసిన రిటన్ స్టేట్‌మెంట్ జిరాక్సు తెచ్చుకుని రాత్రి చదివాను. అందులో పడమర హద్దు పంట బోదె (కాలువ) అని ఉంది. ఆయన దాఖలు చేసిన పాత కాగితంలోనేమో పుంత (బండ్ల దారి) అని ఉంది. పెన్సిల్‌తో గీతపెట్టి మా వకీలు గారికి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, 'ఇది నా కంట పడలేదమ్మా, నువ్వు లా చదవాల్సింది' అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు."

ఈ సంగతి ఇంట్లో చెబితే భర్త కాదనలేదు. పైగా తనకు తెలిసిన ఒకాయన ద్వారా పక్క రాష్ట్రంలో ఒక కాలేజీని మాట్లాడారు. "రెగ్యులర్ కోర్సే మేడం, ఉద్యోగం చేసుకుంటూ పార్ట్ టైమ్‌గా చదవొచ్చు. పరీక్షలకు వస్తే చాలు, హాజరు మేం చూసుకుంటాం" అని ఆ ఏజెంటు మాట. మూడేళ్లకూ కలిపి లక్షా నలభై వేలు. చీటీ డబ్బులో 20 వేలు అడ్వాన్సు ఇచ్చేశారు కూడా. ఆమెకేమో గుండెల్లో రాయి పడింది. వాళ్ల ఆఫీసులో రిటైరైన సూపరింటెండెంటు గారు ఆ రోజుల్లో సాయంత్రం క్లాసులకు వెళ్లి లా చేశారట. న్యూజెర్సీలో ఉన్న పెద్దమ్మ కొడుకు, అక్కడ ఉద్యోగస్తులకు పార్ట్ టైమ్ లా ఉందని చెప్పాడట. మరి ఇక్కడ ఉందా? లేకపోతే ఉద్యోగం మానేసి చేరాలా? ఈ వయసులో ఇది ఆలస్యమా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరంలో బోదె, పుంత దగ్గర నేను ఆగిపోయాను. దావాలో ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో సర్వే నంబరు ఒక్కటి చూసి, నాలుగు హద్దులు చదవకుండా పేజీ తిప్పేసే జూనియర్లను ఎంతోమందిని చూశాను. నేనూ కొత్తలో ఆ పని చేసి మా సీనియర్ చేత చీవాట్లు తిన్నాను. మీ వకీలు గారు మిమ్మల్ని సంతోషపెట్టడానికి ఆ మాట అనలేదు. కాగితాన్ని కాగితంతో పోల్చి చదివే కన్ను మీకుంది. దాన్ని ఎక్కడ, ఎలా వాడుకోవాలన్నదే మనం తేల్చుకోవాల్సింది.

ముందు సూటిగా అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు. నల్లకోటు వేసుకునే హక్కునిచ్చే ఎల్‌ఎల్‌.బి. మన దేశంలో పార్ట్ టైమ్‌గా లేదు. దూరవిద్యలో లేదు, ఆన్‌లైన్‌లో లేదు. లా చదువు ఎలా ఉండాలో నిర్ణయించేది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. దాని 2008 నాటి నియమాల్లో రెగ్యులర్ కోర్సు అంటే ఏమిటో లెక్కలతో సహా ఉంది. రోజుకు ఐదు గంటలు, మధ్యలో అరగంట విరామం, వారానికి 30 గంటలు, సెమిస్టరుకు కనీసం 15 వారాలు. క్లాసులు ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఏడు లోపలే జరగాలి. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. సరైన కారణం చూపితే 65 దాకా ప్రిన్సిపల్ సడలించవచ్చు. మూట్ కోర్టుకు (విద్యార్థులు చేసే నమూనా వాదనలకు), ప్రాక్టికల్ ట్రైనింగుకు కూడా ఇదే హాజరు వర్తిస్తుంది. ఇది కాకుండా మూడేళ్ల కోర్సులో మొత్తం మీద 12 వారాల ఇంటర్న్‌షిప్ చేయాలి.

మీ సూపరింటెండెంటు గారు చెప్పింది అబద్ధం కాదు. ఆ తరంలో పగలు గుమస్తా ఉద్యోగం, సాయంత్రం లా కాలేజీ చాలామందికి మామూలే. వాళ్లలో మంచి లాయర్లయినవాళ్లూ ఉన్నారు. న్యూజెర్సీ మాట కూడా నిజమే. అమెరికాలో సాయంత్రం పూట నాలుగేళ్లు చదివి లా డిగ్రీ తెచ్చుకునే వీలు కొన్ని మంచి విశ్వవిద్యాలయాల్లోనే ఉంది. అక్కడ ఆ పద్ధతిని పైనున్న సంస్థే ఒప్పుకుంది. ఇక్కడ ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలా వద్దా అన్నది వేరే చర్చ. ఇంటి బాధ్యతలున్న ఆడవాళ్లకు నిజాయితీగా చదువుకునే సాయంత్రపు దారి ఒకటి ఉండాలని నా గట్టి కోరిక. అయితే నా కోరికను నమ్ముకుని మిమ్మల్ని అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టమనలేను.

ఇప్పుడు ఆ ఏజెంటు సంగతి. వారానికి ఆరు రోజుల చొప్పున పదిహేను వారాలంటే సెమిస్టరుకు 90 రోజుల క్లాసులు. అందులో 70 శాతం, 63 రోజులు. ఆరు సెమిస్టర్లకు 378 రోజులు. మీరు ఒక్కరోజు కూడా వెళ్లకపోతే, ఆ 378 రోజులూ మీరు పక్క రాష్ట్రంలో బెంచీ మీద కూర్చున్నట్టు ఎవరో ఒకరు రాయాలి. అదే రోజుల్లో మీరు మీ ఆఫీసులో యాప్‌కి ముఖం చూపించి హాజరు వేసుంటారు. ఒకే రోజు, ఒకే గంటకు రెండు చోట్ల మీరు ఉన్నట్టు రెండు రికార్డులు. రెండూ మీ పేరు మీదే. కాలేజీ మాట ఎలా ఉన్నా, సర్వీసు రిజిస్టరు మాత్రం మీదే కదా.

2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ లా కాలేజీలన్నిటికీ ఒక సర్క్యులర్ పంపింది. బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు పెట్టమంది. చదివే కాలంలో ఉద్యోగం చేయలేదని, చేస్తే పైవాళ్ల నిరభ్యంతర పత్రం తెచ్చుకున్నానని విద్యార్థి రాసివ్వాలంది. అవి లేకుండా ఫైనల్ మార్కుల మెమో, డిగ్రీ ఇవ్వొద్దంది. అంటే ఏజెంటు దారిలో మీరు చివర్లో ఒక అబద్ధపు డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి. ఆ కాగితంతోనే రేపు స్టేట్ బార్ కౌన్సిల్ ముందుకెళ్లి లాయరుగా నమోదు చేసుకోవాలి. మీ బాబాయి తరఫు లాయరు చేతికి అది చిక్కడానికి ఎంతసేపు పడుతుంది? పదమూడేళ్లకు పైగా నడుస్తున్న దావాలో మీ మీద మీ బాబాయికెంత కసి ఉందో మీరే రాశారు.

ఆ ఏజెంటు మీకు ఢిల్లీ హైకోర్టు తీర్పు కూడా చూపించవచ్చు. 2025 నవంబరులో ఆ కోర్టు, హాజరు తగ్గిందన్న ఒక్క కారణంతో లా విద్యార్థిని పరీక్ష రాయకుండా ఆపకూడదని చెప్పింది. ఒక లా విద్యార్థి ఆత్మహత్య చేసుకున్న ఉదంతం మీద వచ్చిన తీర్పు అది. క్లాసుకు రాలేకపోయిన పిల్లల మీద కనికరంతో చెప్పిన మాట. రాని మనిషి వచ్చినట్టు రిజిస్టరులో రాసుకోవచ్చని అందులో ఎక్కడా లేదు.

కాబట్టి 20 వేల గురించి మీవారితో గొడవ పడకండి. ఆయన తప్పుడు ఉద్దేశంతో చేయలేదు. మీ ముఖంలో చాలాకాలం తర్వాత కనిపించిన ఉత్సాహాన్ని చూసి, తనకు తెలిసిన దారిలో సాయం చేయబోయారు. రసీదు ఉంటే ఆ కాగితం, ఫోన్‌పేలో పంపి ఉంటే స్క్రీన్‌షాట్ దాచండి. అడ్మిషన్ వద్దనుకుంటున్నామని, డబ్బు తిరిగి ఇమ్మని మెసేజీలోనే అడగండి, నోటి మాటగా కాదు. రావచ్చు, రాకపోవచ్చు. పోయినా 20 వేలతో పోయింది. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇచ్చి ఉంటే డబ్బు కంటే ముందు అవి వెనక్కి తెచ్చుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివితే అందులో మూడు కోరికలు ఒకదానికొకటి చిక్కుపడి కనిపించాయి. అమ్మ కేసు గెలవాలి. లాయరు కావాలి. పదిహేడేళ్లప్పుడు ఆగిపోయిన చదువు పూర్తి చేయాలి. మూడూ న్యాయమైనవే. మూడింటికీ ఒకే మందు ఉందని మీరు అనుకుంటున్నారు. అలా లేదమ్మా.

అమ్మ కేసు సంగతి చూడండి. మీరు ఈ ఏడాదే చేరారనుకున్నా, కోటు వేసుకునేసరికి నాలుగేళ్లు. ఆ తర్వాత కూడా ఈ దావాలో మీరు లాయరుగా నిలబడలేరు. తనకు ఆర్థికంగా ప్రయోజనం ఉన్న కేసులో, తాను సాక్షి కాబోయే కేసులో లాయరు వాదించకూడదని బార్ కౌన్సిల్ నడవడిక నియమాలు చెబుతున్నాయి. మీ నాన్నగారి ఆస్తిలో అమ్మతో పాటు మీరూ వారసులే. కాబట్టి ఒకసారి ప్లైంటు (కోర్టులో వేసిన దావా పత్రం) మొదటి పేజీ తీసి చూడండి. రెండో వాదిగా మీ పేరు ఉండే ఉంటుంది. లేకపోతే ఎందుకు లేదో రేపే మీ వకీలు గారిని అడగండి, ఇది ముఖ్యం. భాగం దావాలో వాటాదార్లందరూ ఉండాలి. వాదిగా ఉంటే కేసు పిలిచినప్పుడు లోపల కూర్చోవడానికి, కాగితాల నకళ్లకు దరఖాస్తు పెట్టుకోవడానికి, అవసరమైతే జడ్జి గారి ముందు మీ మాట మీరే చెప్పుకోవడానికి మీకు ఏ డిగ్రీ అక్కర్లేదు. బోదె, పుంత తేడా కనిపెట్టిన రోజున మీ దగ్గర ఏ పట్టా ఉంది?

ఆ పని ఇప్పుడే చేయొచ్చు. ఆ ఒక్కదాని కోసం లా చేరాలనుకుంటే వద్దంటాను.

లాయరు కావాలన్న కోరిక మిగిలితే దానికి దారులున్నాయి. ఒక్కో దారికీ ఒక్కో ఖరీదు ఉంది.

మీకు ప్రవేశార్హత ఉందా అన్నది ముందు తేల్చేద్దాం. ఉంది. ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ అని చాలామంది భయపెడతారు. ఇంటర్ చదవకుండా నేరుగా ఓపెన్‌లో డిగ్రీ చేసినవాళ్లకే అడ్డంకి. మీరు ఇంటర్ పాసై, ఆ తర్వాత డిగ్రీ చేశారు కాబట్టి ఇబ్బంది లేదు. మార్కులు జనరల్‌కు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉంటే చాలు. మీవి 47. ఆంధ్రలో ఏపీ లాసెట్, తెలంగాణలో టీజీ లాసెట్ రాయాలి. గంటన్నరలో 120 ప్రశ్నలు. సగం లా ఆప్టిట్యూడ్, మిగతా సగంలో జనరల్ నాలెడ్జి, వర్తమానాంశాలు. 42 మార్కులు వస్తే క్వాలిఫై అయినట్టే. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. గరిష్ఠ వయోపరిమితి లేదు. దీనికి మీరు భయపడక్కర్లేదు, మూడు నెలల చదువు చాలు.

మొదటి దారి, ఉద్యోగం ఉంచుకుని, సెలవు పెట్టి నిజంగా క్లాసుకు వెళ్లడం. ముందు మీ శాఖ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. అది లేకుండా ఇంకో కారణం చెప్పి సెలవు పెట్టి కాలేజీకెళ్లడం, ఏజెంటు దారికి చిన్న తమ్ముడు. అనుమతి వస్తే మీ ఖాతాలో ఎన్ని ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) ఉన్నాయో లెక్క చూసుకోండి. ఏడాదికి 30 చొప్పున పన్నెండేళ్లకు 360 జమ కావాలి గానీ, ఖాతాలో 300కి మించి ఉండవు. మధ్యలో వాటిని సరెండర్ చేసి, ఆ డబ్బు పిల్ల ఫీజులకు, ఇంటి ఖర్చులకు వాడుకుని ఉంటారు. చాలామంది ఇళ్లలో జరిగేదే. 150 మిగిలాయనుకోండి. మీకు కావాల్సింది 378 పని దినాలు. సెలవు మధ్యలో వచ్చే ఆదివారాలు కూడా సెలవు కిందికే పోతాయి కాబట్టి అసలు లెక్క ఇంకా పెరుగుతుంది. అంటే మొదటి ఏడాదికే మీ ఈఎల్స్ అయిపోతాయి. ఆ తర్వాత జీతం లేని సెలవే గతి. స్టడీ లీవు అడగొచ్చు గానీ, చదివే కోర్సుకు, మీరు చేసే ఉద్యోగానికి సంబంధం ఉందని పైవాళ్లు ఒప్పుకోవాలి. మీ శాఖలో కోర్టు కేసుల ఫైళ్లు మీ సీటులో ఉంటే ఆ మాట రాసి అడగండి. ఇచ్చినా చదువు పూర్తయ్యాక ఇన్నేళ్లు పనిచేస్తానని బాండు రాయాల్సి వస్తుంది.

కొన్ని కాలేజీలు ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టి ఒంటిగంటకు ముగిస్తాయి, కొన్ని మధ్యాహ్నం నుంచి నడుపుతాయి. షిఫ్టు ఉద్యోగం ఉన్నవాళ్లకు, రాత్రి డ్యూటీ నర్సులకు, ట్యూషన్లు చెప్పుకునేవాళ్లకు ఇది నిజంగా వరం. పదిన్నర నుంచి ఐదు దాకా సీటులో ఉండాల్సిన మీకు రెండు వేళలూ కుదరవు.

ఈ దారిలో డిగ్రీ వచ్చాక కూడా ఒక గేటు ఉంది, ఏజెంట్లు ఎవరూ దీని గురించి చెప్పరు. ప్రాక్టీసు చేసే లాయరు ఎక్కడా పూర్తికాలం జీతానికి పనిచేయకూడదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం మీ డిగ్రీ బీరువాలో ఉంటుంది, కోటు వేసుకోలేరు. అయినా చదవడం వృథా అనను. కోర్టు వ్యవహారాలు చూసే సీటులో లా చదివిన మనిషి విలువ వేరు. 62కి రిటైరయ్యాక నమోదు చేసుకోవచ్చు. ఒకప్పుడు 45 ఏళ్లు దాటినవాళ్లను లాయర్లుగా నమోదు చేయకూడదని బార్ కౌన్సిల్ నియమం పెడితే సుప్రీంకోర్టు 1995లో కొట్టేసింది. తెల్లజుట్టుతో కొత్త కోటు వేసుకుని, మొదటి వకాల్తా మీద సంతకం పెడుతూ చెయ్యి వణికిన రిటైర్డ్ ఉద్యోగుల్ని మా బార్ అసోసియేషన్ హాల్లో చూశాను.

రెండో దారి, ఉద్యోగం వదిలేయడం. దీని మీద మీరు ఎక్కువ రాశారు కాబట్టి నేనూ ఎక్కువ రాస్తాను. జీతం ఆగిన మొదటి నెల మీ ఇంట్లో ఏమవుతుందో మీవారితో కూర్చుని ఒక నోటుబుక్కులో రాయండి. షాపు అద్దె, చీటీ, పిల్ల ఫీజు, అత్తయ్య గారి మందులు. ఆ అంకె పక్కన షాపులో సరాసరి మిగిలేది రాయండి, పండగ నెలది కాకుండా ఆషాఢ మాసంది. తేడా ఎంతో ఆ కాగితమే చెబుతుంది. అలా మూడేళ్లు చదువు. ఆ తర్వాత నమోదు. సుప్రీంకోర్టు 2024 జులైలో ఇచ్చిన తీర్పు ప్రకారం నమోదు ఫీజు జనరల్‌కు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదు, అది భారం కాదు. నమోదయ్యాక రెండేళ్లలోపు ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసవ్వాలి. వంద ప్రశ్నల పరీక్ష, 45 మార్కులు చాలు, ఎస్సీ, ఎస్టీలకు 40. వ్యాఖ్యానాలు లేని చట్టం పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాయొచ్చు. కష్టమైంది ఆ తర్వాత వస్తుంది. సీనియర్ ఆఫీసులో చేరిన మొదటి రెండు మూడేళ్లు మీ చేతికి వచ్చేది తక్కువ. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వమని బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో సూచించింది. సూచించింది, అంతే. మా జిల్లా కోర్టుల్లో చాలా ఆఫీసుల్లో జూనియర్‌కు దక్కేది బస్సు చార్జీలు, దసరాకు ఒక చీర, బోలెడు పని. ఉదయం తొమ్మిదికి ఆఫీసు, పదిన్నరకు కోర్టు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మళ్లీ ఆఫీసు. ఇరవై నాలుగేళ్ల పిల్లకు ఇంట్లో అన్నం పెట్టేవాళ్లుంటారు. మీ ఇంట్లో ఆ సమయానికి మీరు చేయాల్సిన పని కూడా అత్తగారి మీదే పడుతుంది.

సర్వీసు వదిలితే ఏం వస్తుందో కూడా చూసుకోవాలి. మీరు 2004 సెప్టెంబరు తర్వాత చేరారు కాబట్టి సీపీఎస్‌లో (కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకంలో) ఉంటారు. మధ్యలో రాజీనామా చేసినప్పుడు ఆ సొమ్ములో చేతికెంత, పెన్షన్ కిందకెంత అన్నది మీ అకౌంట్స్ వాళ్లతో కాగితం మీద వేయించుకోండి. ఇవన్నీ చూశాక కూడా "సరే, దిగుతాను" అని మీకూ మీవారికీ ఇద్దరికీ అనిపిస్తే దిగండి. నలభై దాటి వచ్చి నిలదొక్కుకున్న ఆడ లాయర్లు నాకు తెలుసు. రెవెన్యూ, రిజిస్ట్రేషన్ లాంటి శాఖల్లో పనిచేసి వచ్చినవాళ్లకు ఫైలు ఎక్కడ ఆగుతుందో తెలుసు, సివిల్ వైపు ఆ అనుభవం చాలా పలుకుతుంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. మీ అమ్మాయి "నువ్వు జడ్జివైపోతావమ్మా" అంటోందని రాశారు. జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే కనీసం మూడేళ్లు ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో ఆ ఉద్యోగానికి వయసు 35 దాటకూడదు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు ఐదేళ్ల సడలింపు ఉంది. ఆ దారి మీకు మూసుకుపోయింది. ఆ పిల్లకు మాత్రం తెరిచే ఉంది, ఇంటర్ కాగానే ఐదేళ్ల కోర్సులో చేరొచ్చు.

మూడో దారి, ఆగడం. ఆగడమంటే వదిలేయడం కాదు. మీ అమ్మాయి పది పాసై ఇంటర్‌లో కుదురుకోవడానికి మూడేళ్లు. ఈలోగా ఈఎల్స్ సరెండర్ చేయకుండా కూడబెడితే ఇంకో 90 చేరతాయి. భాగం దావా ఒక కొలిక్కి రావచ్చు. లాసెట్‌కు వయసుతో పని లేదు కాబట్టి నలభైలో రాసినా అదే పరీక్ష. దీని ఖరీదు ఏమిటంటే, ఈ ఉత్సాహం మూడేళ్లు నిలుస్తుందా అన్నది. అత్తగారి ఆరోగ్యం ఎలా ఉంటుందో కూడా చెప్పలేం. వాయిదాలు వేసుకుంటూ పోతే ఏమవుతుందో మీకు కోర్టు చూపించింది కదా.

నాలుగో దారి, కోటు లేకుండా చట్టం చదవడం. లాయరుగా నమోదు చేసుకునేందుకు పనికిరాని, కానీ నిజమైన చదువులు దూరవిద్యలో ఉన్నాయి. శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయం సైబర్ చట్టాలు, మీడియా చట్టాలు, పేటెంట్ల మీద పీజీ డిప్లొమాలు ఇస్తోంది. ఇగ్నోలో పారాలీగల్ ప్రాక్టీస్ డిప్లొమా ఉంది. బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ వ్యాపార చట్టాల్లో మాస్టర్స్ కోర్సు దూరవిద్యలో నడుపుతోంది. వీటికి సెలవు పెట్టాల్సిన పని ఉండదు, ఆఫీసుకు తెలియజేసి చేరితే చాలు. ఎవరైనా వీటినే "లా డిగ్రీ" అని అమ్మజూపితే నమ్మకండి. కానీ ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టాలన్న మీ మూడో కోరికకు ఇవి సూటిగా సరిపోతాయి. ఆదివారం మధ్యాహ్నం వంటిల్లు సర్దాక రెండు గంటలు పుస్తకం ముందు కూర్చోగలుగుతున్నారా, చదివింది బుర్రకెక్కుతోందా, ఇంట్లోవాళ్లు ఆ రెండు గంటలూ మిమ్మల్ని పిలవకుండా ఉంటున్నారా అన్నది కూడా ఏడాది తిరిగేసరికి తెలిసిపోతుంది.

నన్ను అడిగితే మూడో దారినీ నాలుగో దారినీ కలిపి నడవమంటాను. ఇది నా మొగ్గు మాత్రమే. మీ ఇంటి లెక్కల పుస్తకం నా దగ్గర లేదు. షాపు బాగా నడుస్తూ, మీవారు "మూడేళ్లు నేను లాక్కొస్తాను" అని మనస్ఫూర్తిగా అంటే రెండో దారి కూడా తప్పు కాదు.

ఏ కాలేజీ అయినా సరే, చేరేముందు రెండు పనులు చేయండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఏ విద్యా సంవత్సరం దాకా ఉందో ఆ కాగితం చూపించమనండి, ఫలకం మీద రాసింది చాలదు. రెండోది, చెప్పకుండా ఒక మంగళవారమో బుధవారమో పొద్దున పదకొండింటికి వెళ్లి మొదటి సంవత్సరం గది తలుపు దగ్గర నిలబడండి. హాజరు పట్టీలో అరవై మంది ఉండి లోపల ఆరుగురు కనిపిస్తే ఇంక ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

ఆలస్యమా అని అడిగారు. జడ్జి ఉద్యోగానికి ఆలస్యమే, చెప్పాను. మిగతా దేనికీ కాదు. మీ అత్తగారు "ఈ వయసులో ఎందుకమ్మా" అన్నారని బాధపడ్డారు. ఆ మాటలో అడ్డు చెప్పడం కంటే భయమే ఎక్కువ వినిపించింది నాకు. మోకాళ్ల నొప్పులతో ఇంటిని మోస్తున్న పెద్దావిడ, ఇంకెంత తన మీద పడుతుందోనని అడిగి ఉంటారు. పనిమనిషిని పెట్టుకుందామనో, రాత్రి వంట మీవారు, అమ్మాయి చూసుకుంటారనో ముందు ఆవిడకు చెప్పి, తర్వాత లాసెట్ మాట ఎత్తండి.

వచ్చే నెల 18న అమ్మగారి క్రాస్ (ఎదుటి లాయరు ఆమెను ప్రశ్నించడం) ఉందని రాశారు. ప్లైంటులో మీ పేరుంటే ఆ రోజు లోపల కూర్చోండి. అమ్మకు సైగలు చేయకండి, పెదవి కదపకండి, జడ్జి గారు చూస్తే అమ్మ సాక్ష్యమే చెడుతుంది. ఒక తెల్లకాగితం మీద ఎడమ వైపు వాళ్ల లాయరు అడిగిన ప్రశ్న, కుడి వైపు అమ్మ జవాబు రాసుకోండి. సాయంత్రం ఇంటికొచ్చి, ఏ జవాబు ఏ కాగితంతో కలుస్తుందో, ఏది కలవదో పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టి, మర్నాడు మీ వకీలు గారికి ఇవ్వండి. ఆయన ఆ కాగితం మీద ఏమేం దిద్దారో నాకూ రాయండి.